ఫ్లాట్లు, ప్లాట్ల అమ్మకాల్లో తప్పుడు ప్రచారం: బాధ్యత ఎవరిది, డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇల్లు కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలివి. రెరా అన్న చోటల్లా 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, లేదా దాన్ని అమలు చేసే రాష్ట్ర అథారిటీ అని సందర్భాన్నిబట్టి చదువుకోండి. ఒక్క సంగతి ముందే చెప్పాలి. అబద్ధం చెప్పి అమ్మినవాణ్ని నిలదీయడానికి మన చట్టాల్లో దారులు చాలానే ఉన్నాయి. కేసులు ఎక్కువగా వీగిపోయేది, అమ్మేటప్పుడు చెప్పిన మాట కొన్నవాళ్ల చేతిలో రుజువుగా మిగలకపోవడం వల్ల.

బ్రోచర్‌లో వేసినవన్నీ ఇచ్చి తీరాలా? "అవి పబ్లిసిటీ కోసం వేశాం సార్" అంటున్నారు.

పబ్లిసిటీ కోసం వేసినా బాధ్యత తప్పదు. రెరా సెక్షన్ 12 ఉన్నదే ఇందుకు. నోటీసు, ప్రకటన, ప్రాస్పెక్టస్, మోడల్ ఫ్లాట్, వీటిలో దేన్ని నమ్మి మీరు అడ్వాన్సు కట్టినా, అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. ప్రాజెక్టులోంచి పూర్తిగా బయటికొచ్చేస్తామంటే కట్టిన మొత్తం వడ్డీతో సహా తిరిగివ్వాలి, పరిహారం దానికి అదనం. బయటికి రావాలా, ఉండి పరిహారం అడగాలా అన్నది మీ ఇష్టం, బిల్డర్ ఇష్టం కాదు.

మీరు చూపించాల్సినవి మూడు: ఫలానా మాట ప్రకటనలో ఉంది, దాన్ని నమ్మి డబ్బు కట్టాం, అది అబద్ధం కావడం వల్ల ఇంత నష్టం వచ్చింది. మూడింటిలో మధ్యది చాలామంది మర్చిపోతారు. బ్రోచర్ తేదీ మార్చి, బుకింగ్ రసీదు జనవరి అయితే, ఆ బ్రోచర్ చూసి కొన్నామంటే నిలబడదు. అందుకే ప్రకటన చేతికొచ్చిన తేదీకి, మొదటి చెల్లింపు తేదీకి అంత విలువ.

చట్టం దృష్టిలో ఏవేవి ప్రకటన?

ఏ రూపంలో ఉన్నా ప్రకటనే. పేపర్ యాడ్, హోర్డింగ్, కరపత్రం, వెబ్‌సైట్, ఫేస్‌బుక్ పోస్టు, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్, సైట్ ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టిన నమూనా, అన్నీ వస్తాయి. ప్రతి ప్రకటనలో రెరా రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైట్ చిరునామా కనబడేలా ఉండాలి. లేవంటే అక్కడే ఒక ఉల్లంఘన.

నోటిమాటకూ బాధ్యత ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం నోటిమాటకీ రాతకీ తేడా చూడదు. చిక్కల్లా రుజువు దగ్గరే. దానికి తేలికైన మందు: సైట్ చూసి ఇంటికొచ్చిన రోజే సేల్స్ మనిషికి ఒక మెసేజ్ పెట్టండి. "ఈ రోజు మీరు చెప్పినట్టు క్లబ్‌హౌస్ 20,000 చదరపు అడుగులు, 2 బేస్‌మెంట్లు, ముందున్న రోడ్డు 60 అడుగులు, అంతే కదా?" అని. "ఎస్ సార్" అని జవాబొస్తే నోటిమాట కాస్తా రాతగా మారింది.

"లగ్జరీ", "ప్రశాంత వాతావరణం" లాంటి మాటల మీద కేసు వేయొచ్చా?

ఆ మాటల మీద వేసి లాభం లేదు. అవి పొగడ్తలు, కొలవడానికి కుదరదు. కొలిచి గానీ, కాగితం తీసి గానీ నిజమో అబద్ధమో తేల్చగలిగిన మాటకే బాధ్యత పుడుతుంది.

"అద్భుతమైన గాలి, వెలుతురు" పొగడ్త. "రెండు బ్లాకుల మధ్య 40 అడుగుల ఖాళీ" వాస్తవ ప్రకటన, టేపు పెట్టి కొలవొచ్చు. "నీటికి కొరతే ఉండదు" అన్నది మధ్యస్థం. "మంజీరా నీటి కనెక్షన్ ఉంది" అంటే మాత్రం కనెక్షన్ ఉండాలి, లేదంటే అబద్ధం. "రింగు రోడ్డు పక్కనే" అన్నదాని మీద వాదన నడుస్తుంది. "రింగు రోడ్డు ఎగ్జిట్‌కు 2 కిలోమీటర్లు" అని రాసి, దారి దూరం 7 కిలోమీటర్లుంటే వాదించడానికేం మిగలదు. మ్యాపు మీద గీత గీసి కొలిచిన దూరాన్ని ప్రయాణ దూరంగా చెప్పడం చాలా బ్రోచర్లలో కనబడే పని.

భవిష్యత్తు గురించి చెప్పే మాటలు జాగ్రత్తగా చూడాలి. "రేటు రెట్టింపవుతుంది" అనేది అంచనా, అది తప్పితే ఎవరూ బాధ్యులు కారు. "రీజినల్ రింగ్ రోడ్డు ఎలైన్‌మెంట్ ఖరారైంది, మన వెంచర్ పక్కనుంచే పోతుంది" అన్నది అలా కాదు. చెప్పేనాటికి ఖరారు కాలేదని వాళ్లకు తెలిసి ఉంటే అది మోసపు మాటే. నిజం కాని సంగతిని, నిజమని తాము నమ్మకుండానే, వాస్తవమని చెప్పి ఎదుటివాళ్లను నమ్మించడం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 ప్రకారం మోసం.

బ్రోచర్ చివర "చిత్రాలు ఊహాజనితం, మార్పులకు లోబడి ఉంటాయి" అని చిన్న అక్షరాల్లో ఉంది. ఇక మాకు హక్కు పోయినట్టేనా?

పోలేదు. చెట్ల రంగు, ఆకాశం, సోఫా లాంటివి ఊహాజనితమంటే ఒప్పుకోవచ్చు. ఈత కొలను ఉందా లేదా అన్నది ఆ మాట చాటున దాక్కోదు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డిస్‌క్లెయిమర్ అసలు ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే ఫాంటులో, కనబడే చోట ఉండాలి. ముఖ్యమైన సంగతిని దాచడానికి దాన్ని వాడకూడదు. తెలుగులో పెద్ద హెడ్డింగు పెట్టి, షరతు మాత్రం ఇంగ్లిష్‌లో చీమతలకాయంత అక్షరాలతో వేసిన కరపత్రం ఈ నియమం ముందు నిలవదు. ఆ కరపత్రాన్ని మడత పెట్టకుండా దాచుకోండి. అక్షరాల సైజు తేడా అసలు కాగితం మీద తెలిసినట్టు ఫొటోలో తెలియదు.

అగ్రిమెంట్‌లో "ఇంతకుముందు చెప్పినవేవీ చెల్లవు, ఈ ఒప్పందమే అంతిమం" అని ఉంది. సంతకం పెట్టేశాం.

ఈ క్లాజు దాదాపు ప్రతి అగ్రిమెంట్‌లోనూ ఉంటుంది. దీన్ని చూపించి బెదిరిస్తే బెదరకండి. సెక్షన్ 12 హక్కు చట్టం ఇచ్చింది, బిల్డర్ రాయించుకున్న వాక్యంతో అది రద్దవదు. వేరే చట్టాలతో వైరుధ్యం వస్తే రెరాదే పైచేయి అని సెక్షన్ 89 చెబుతుంది. ఏకపక్షంగా రాసిన అగ్రిమెంట్ షరతులకు కొనుగోలుదారు కట్టుబడక్కర్లేదని, అలా రాయించుకోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

ఒక ప్రమాదం మాత్రం నిజంగానే ఉంది. బ్రోచర్‌లో 3 లిఫ్టులు, అగ్రిమెంట్ షెడ్యూల్‌లో 2 అని స్పష్టంగా రాసి, మీరు చదివి సంతకం పెట్టారనుకోండి. తెలిసే ఒప్పుకున్నారన్న వాదన వస్తుంది, దానికి బలం కూడా ఉంటుంది. కాబట్టి సంతకానికి ముందు బ్రోచర్‌ను, షెడ్యూల్‌ను పక్కపక్కన పెట్టుకుని వరస వరసా చూడండి. తేడా కనబడితే ఈమెయిల్‌లో అభ్యంతరం చెప్పాకే సంతకం.

1,650 ఎస్‌ఎఫ్‌టీ అని అమ్మారు. లోపల కొలిస్తే 1,130 కూడా లేదు. ఇది మోసం కాదా?

అగ్రిమెంట్‌లో ఏం రాశారన్న దాన్నిబట్టి ఉంటుంది. 1,650 అన్నది సూపర్ బిల్టప్ ఏరియా, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్‌హౌస్ వంటివాటిలో మీ వాటా కూడా కలిపిన లెక్క. రెరా గుర్తించేది కార్పెట్ ఏరియాను. లోపలి గోడల మందం అందులో కలుస్తుంది. బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, మీకు మాత్రమే ఉండే బాల్కనీ, ఓపెన్ టెర్రస్ కలవవు. చాలామంది బాల్కనీని కూడా కలిపి కొలిచి "అంతా సరిగ్గానే ఉంది" అనుకుంటారు, లేదా గోడ నుంచి గోడకు నేల మాత్రమే కొలిచి తక్కువొచ్చిందంటారు. రెండూ తప్పే.

ఒక లెక్క చూడండి. 1,650 అడుగులు, అడుగు 6,500 చొప్పున ధర 1,07,25,000 రూపాయలు. కార్పెట్ 1,130 అయితే వాడుకునే జాగాకు మీరిచ్చేది అడుగుకు సుమారు 9,490. అగ్రిమెంట్‌లో కార్పెట్ 1,130 అని రాసి 1,130 ఇస్తే చట్టపరంగా తప్పు పట్టలేం. 1,130 అని రాసి 1,085 ఇస్తే 45 అడుగులు తక్కువ. ఆ లెక్కన దాదాపు 4,27,000 రూపాయలు మీకు రావాలి. కార్పెట్ ఏరియానే చెప్పకుండా సూపర్ బిల్టప్‌తో అమ్మడం వేరే ఉల్లంఘన.

కొలిపించేటప్పుడు లైసెన్సున్న ఇంజనీరుతో గది గదికీ కొలతలు వేయించి, సంతకం, తేదీతో డ్రాయింగ్ తీసుకోండి. టైల్స్, ప్లాస్టరింగ్ అయ్యాక కొలిస్తే కొన్ని అంగుళాలు తగ్గుతాయి. కొలిచింది ప్లాస్టరింగ్‌కు ముందా తర్వాతా అన్నది రిపోర్టులో రాయించాలి.

మోడల్ ఫ్లాట్ ఒకలా ఉంది, ఇచ్చిన ఫ్లాట్ ఇంకోలా ఉంది.

సెక్షన్ 12లో మోడల్ ఫ్లాట్ అన్న మాట విడిగా ఉంది, కాబట్టి దారి సుగమం. మోడల్ ఫ్లాట్‌లో కంటిని మోసం చేసే పనులు కొన్ని ఉంటాయి: గదుల మధ్య గోడ బదులు అద్దం, తలుపులు బిగించకుండా వదిలేయడం, మామూలుకన్నా పొట్టి మంచం, సీలింగు దాకా నిలువుటద్దం. మీరు చూసిన రోజే వీడియో తీయండి. తలుపు వెడల్పు, మంచం పొడవు, కిచెన్ ప్లాట్‌ఫాం లోతు టేపుతో కొలుస్తూ తీస్తే ఇంకా మంచిది. ఫిట్టింగుల మీది బ్రాండు పేరు దగ్గరగా తీయండి. ఒక మంచి కంపెనీ పేరు చెప్పి, "లేదా తత్సమానం" అని రాసి, చివరికి ఊరూ పేరూ లేనివి బిగించడం మామూలైపోయింది. అమ్మిన తర్వాత ప్లాను, ఫిట్టింగులు, సౌకర్యాలు మీ అనుమతి లేకుండా మార్చడానికి సెక్షన్ 14 ఒప్పుకోదు. మొత్తం ప్రాజెక్టు ప్లాను మార్చాలంటే మూడింట రెండు వంతుల కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి.

ప్రీ లాంచ్‌లో సగం రేటుకే ఇస్తామని, యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తామని అంటున్నారు. ఇందులో తప్పేముంది?

రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించడం, బుకింగ్ తీసుకోవడం, అమ్మడం, ఏదైనా నిషిద్ధమే. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటని స్థలానికీ, అన్ని దశలూ కలిపి 8 ఫ్లాట్లు మించని కట్టడానికీ మాత్రమే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించిన ప్రాజెక్టును నంబరు లేకుండా అమ్మితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా. ఆదేశాలిచ్చినా మానకపోతే 3 ఏళ్ల దాకా జైలు, లేదా మరో 10 శాతం జరిమానా, లేదా రెండూ.

యూడీఎస్ అంటే భూమిలో విభజించని వాటా. ఆ దస్తావేజులో మీకు దక్కేది కొన్ని గజాల వాటా మాత్రమే. ఏ అంతస్తు, ఏ ఫ్లాట్, ఎన్ని అడుగులు అన్నది అందులో ఉండదు. బిల్డింగ్ పర్మిషనే రాకపోతే, వందల మందితో కలిసి ఒక ఖాళీ స్థలానికి వాటాదారుగా మిగిలిపోతారు. వాటా అమ్ముకోవాలన్నా కొనేవాడు దొరకడు. బిల్డర్ ఇంకొకరికి డెవలప్‌మెంట్ హక్కులిస్తే కొత్త తగువు మొదలవుతుంది. మొత్తం డబ్బు ముందే కట్టమనడం ఇక్కడి ఇంకో ప్రమాద సూచిక. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని సెక్షన్ 13 అంటుంది. 80 లక్షల ఫ్లాట్‌కు 8 లక్షలు దాటకూడదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు "రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి రెరా పట్టించుకోదు" అనుకుని ఊరుకోవద్దు. రిజిస్ట్రేషన్ చేయించని బిల్డర్ మీదా ఫిర్యాదు చేయొచ్చు. రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టు అయితే చాలు.

ప్లాట్ల వెంచర్లలో ఎక్కువగా చెప్పే అబద్ధాలేవి?

"హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అప్రూవ్డ్" అని బోర్డు మీద ఉంటుంది, నిజానికి దరఖాస్తు మాత్రమే పెట్టి ఉంటారు. మంజూరు కాపీ అడిగితే ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు, తేదీ, షరతులు బయటపడతాయి. ఆ కాపీ చివరిదాకా చదవండి. రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేసేదాకా కొన్ని ప్లాట్లు మంజూరు చేసిన సంస్థకు తనఖాలో ఉంటాయి. ఆ నంబర్లు అందులోనే ఉంటాయి. తనఖాలో ఉన్న ప్లాటును ఏమీ లేనట్టు అమ్మడం లోపాన్ని దాచడమే.

రెండోది చెరువులు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) లోపల, బఫర్‌లో (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) ఉన్న నేలను "లేక్ వ్యూ" అని అమ్ముతారు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ గీతలు ఎంత ముఖ్యమో జనానికి కళ్లకు కట్టినట్టు తెలిసింది. చెరువు ఎండినా ఎఫ్‌టీఎల్ గీత చెరగదు. వేసవిలో సైట్ చూపిస్తే నీళ్లు కనబడవు, అందుకని నమ్మకండి.

మూడోది, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉన్న సర్వే నంబర్లు, ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూములు. నాలుగోది ఫార్మ్ ప్లాట్లు: సాగు భూమిని గుంటల లెక్కన అమ్ముతూ "రేపు ఇల్లు కట్టుకోవచ్చు" అంటారు. లేఅవుట్ అనుమతి లేని చోట ఆ మాటకు ఆధారమే లేదు.

"రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది, ఇంకేం కావాలి?" అని చాలామంది అడుగుతారు. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడు, అమ్మినవాడికి హక్కుందని పూచీ ఇవ్వడు. బ్యాంకు లాయరు అభిప్రాయం బ్యాంకు కోసం, మీ కోసం కాదు. భూమి హక్కులో లోపం వల్ల నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలని సెక్షన్ 18(2) చెబుతోంది. ఈ క్లెయిముకు కాలపరిమితి అడ్డం రాదు.

ఏజెంటు చెప్పాడు, బిల్డర్ "మేం చెప్పమనలేదు" అంటున్నాడు.

ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టండి. ఏజెంటు తన పనిలో భాగంగా చెప్పిన తప్పుడు మాట యజమాని చెప్పినట్టే అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 238. ఏజెంటుకు సొంత బాధ్యతా ఉంది: రెరాలో రిజిస్టర్ కావాలి, నోటితో గానీ రాతతో గానీ లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. రిజిస్ట్రేషన్ లేకుండా పని చేసినా, ఈ నిబంధన దాటినా రోజుకు 10,000 రూపాయల జరిమానా, అమ్మించిన ఆస్తి ధరలో 5 శాతం దాకా. "ఛానల్ పార్ట్‌నర్", "కన్సల్టెంట్" అని పేరు మార్చినా ఏజెంటు ఏజెంటే.

ఏజెంటుకు బిల్డర్‌తో ఉన్న లింకు ఎలా చూపాలి? సైట్ విజిట్ రిజిస్టర్‌లో అతని పేరు, బుకింగ్ ఫారం మీద సోర్సు అన్న గడి, బిల్డర్ లోగోతో ఉన్న విజిటింగ్ కార్డు. బుకింగ్ ఫారం జిరాక్సు అడిగి తీసుకోండి.

ప్రకటనలో నటించిన సినిమా వాళ్లూ, యూట్యూబర్లూ బాధ్యులేనా?

కొంతవరకు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనను సమర్థించిన వ్యక్తికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఏడాది పాటు ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు, మరోసారి అయితే 3 ఏళ్లు. చెప్పేముందు తగిన పరిశీలన చేశామని వాళ్లు చూపిస్తే బయటపడతారు. ఈ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, మీకు రాదు. మీ డబ్బు రావాల్సింది బిల్డర్ దగ్గర్నుంచే. డబ్బు తీసుకుని కొనేవాళ్లను, అమ్మేవాళ్లను కలిపే యూట్యూబర్ ఏజెంటు నిర్వచనంలోకి కూడా రావచ్చు.

బిల్డర్ కాదు, మామూలు ఇంటి ఓనరు దగ్గర పాత ఫ్లాట్ కొన్నాం. లోపాలు దాచాడు.

ఇక్కడ రెరా పనిచేయదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 పనిచేస్తుంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని, ఆస్తిలోదైనా హక్కులోదైనా, చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కింద లెక్క.

ఇందులో "మామూలు జాగ్రత్త" అన్న మాట దగ్గరే కేసు గెలుపోటములు తేలతాయి. గోడ మీద కనబడే పగులు గురించి తర్వాత ఫిర్యాదు చేయలేరు. కొత్తగా రంగులేసి కప్పేసిన చెమ్మ, టైల్స్ కింద పగిలిన పైపు, కోర్టులో నడుస్తున్న దావా, పైఅంతస్తుకు పర్మిషన్ లేదని మున్సిపాలిటీ ఇచ్చిన నోటీసు, అసోసియేషన్‌కు కట్టని బకాయిలు, ఇవి ఓనరు చెప్పాల్సినవి. ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడే తనఖా మీరు చూసుకోవాల్సింది. చూసుకోకపోతే మీ మీదకే వస్తుంది. నేరుగా అడిగితే అబద్ధం చెప్పడం వేరు. "ఏమైనా లీకేజీ ఉందా?" అని రాతలో అడిగి, "లేదు" అని జవాబు తీసుకుంటే అది మౌనం కాదు, అబద్ధం. అప్పుడు "నువ్వు చూసుకోవాల్సింది" అనే వాదన బలహీనపడుతుంది.

సేల్ డీడ్ అయిపోయి ఇంట్లో చేరాక కూడా అడగొచ్చా?

అడగొచ్చు. స్వాధీనం ఇచ్చిన నాటినుంచి 5 ఏళ్ల లోపు బయటపడిన నిర్మాణ లోపాలు, పనితనం, నాణ్యత లోపాలను బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం. తాళాలు ఇచ్చేటప్పుడు "నాకు ఏ అభ్యంతరమూ లేదు" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. సంతకం పక్కనే "క్లబ్‌హౌస్, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) పూర్తి కాలేదు, హక్కులు వదులుకోవడం లేదు" అని చేత్తో రాసి, ఫొటో తీసుకోండి.

ఎంత వస్తుంది?

బయటికొచ్చేస్తే అసలు, వడ్డీ, పరిహారం. తెలంగాణ నిబంధనల్లో వడ్డీ రేటు ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్‌కు (అప్పుల మీద బ్యాంకు పెట్టుకునే మూల వడ్డీ రేటుకు) 2 శాతం కలిపి. రేటు 11 శాతం అనుకుంటే, 3 ఏళ్ల కిందట కట్టిన 30 లక్షలకు వడ్డీ 9.9 లక్షలు, మొత్తం 39.9 లక్షలు. విడతలుగా కట్టి ఉంటే ప్రతి విడతకూ దాని తేదీ నుంచే లెక్క. ఒక పట్టిక వేసి ఫిర్యాదుకు జత చేయండి.

ఇంట్లోనే ఉండి పరిహారం అడిగితే నష్టాన్ని అంకెల్లో చూపాలి. "మానసిక వేదనకు 50 లక్షలు" అని రాస్తే అధికారి పక్కన పెట్టేస్తారు. ఇస్తానన్న ఈత కొలను లేదనుకోండి. దానికోసం వసూలు చేసిన ఎమినిటీస్ ఛార్జీ ఎంత, ఆ సౌకర్యం ఉన్న, లేని ఫ్లాట్ల ధరల్లో తేడా ఎంత, రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు ఏమంటోంది, ఇవి పెట్టండి. బిల్డర్ అక్రమంగా ఎంత లాభపడ్డాడు, మీకెంత నష్టం, ఇదే తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నాడా అన్నవి చూడమని సెక్షన్ 72 చెబుతుంది. అదే బిల్డర్ మీద రెరా ఇచ్చిన పాత ఆర్డర్లు ఉంటే జత చేయడం అందుకే మంచిది.

రెరాకా, కన్స్యూమర్ కమిషన్‌కా, కోర్టుకా, పోలీసులకా?

రెరా పరిధిలోని ప్రాజెక్టు అయితే రెరా, కన్స్యూమర్ కమిషన్ రెండూ తెరిచే ఉంటాయని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఒకే కోరికతో రెండు చోట్లా నడపకూడదు, ఒకటి ఎంచుకోవాలి. సివిల్ కోర్టు రెరా చూడాల్సిన విషయాల్లో తలదూర్చదు.

8 ఫ్లాట్లు దాటని చిన్న బిల్డింగులకు, తెలంగాణలో 2017 జనవరి 1కి ముందు పర్మిషన్ వచ్చిన పాత ప్రాజెక్టులకు కన్స్యూమర్ కమిషనే అనువైన దారి. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. లేఅవుట్ అభివృద్ధి చేసి అమ్మిన ప్లాటు సేవ కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఏ అభివృద్ధీ లేకుండా ఖాళీ స్థలం అమ్మితే అది సేవ కాదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి.

పోలీసు కేసుకు మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని కనబడాలి. ఒకే ఫ్లాట్ ఇద్దరికి అమ్మడం, నకిలీ అనుమతి పత్రం చూపడం, తనది కాని భూమి తనదని చెప్పడం లాంటివి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కిందికి వస్తాయి, 7 ఏళ్ల దాకా శిక్ష. కట్టడం ఆలస్యమైందని మాత్రమే చెబితే "సివిల్ వ్యవహారం" అని వెనక్కి పంపుతారు.

రెరాలో ఫిర్యాదు ఎలా వేయాలి?

తెలంగాణలో వాపసు, వడ్డీ, ఆదేశాల కోసం ఫారం ఎమ్‌తో అథారిటీకి, ఫీజు 1,000 రూపాయలు. పరిహారం కోసం ఫారం ఎన్‌తో న్యాయనిర్ణయాధికారికి, ఫీజు 5,000. ఈ విభజన 2021 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాపసు, పరిహారం రెండూ ఒకే ఫారంలో అడిగి నెలలు పోగొట్టుకున్న ఫిర్యాదులు తక్కువేం కాదు. రెండూ కావాలంటే రెండు ఫారాలు వేయండి.

ముందుగా ఎక్‌నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. చట్టం అడగదు గానీ, బిల్డర్ ఇచ్చే జవాబులో తరచూ ఒప్పుకోలు దొరుకుతుంది. తర్వాత రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి, బిల్డర్ అప్‌లోడ్ చేసిన మంజూరు ప్లాను, సౌకర్యాల జాబితా, పూర్తి చేస్తానన్న తేదీ దింపుకోండి. బ్రోచర్‌కు, ఈ పత్రాలకు తేడా ఉంటే మీ కేసులో అంతకన్నా గట్టి కాగితం ఉండదు. రెండూ బిల్డర్ చేతి రాతలే కదా. ఫిర్యాదు మొదటి పేజీలో ఒక పట్టిక పెట్టండి: చెప్పింది, చెప్పిన చోటు, తేదీ, ఇచ్చింది, తేడా. కథ ఆ తర్వాత.

న్యాయనిర్ణయాధికారి 60 రోజుల్లో తేల్చాలని చట్టం. వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకుని ఖర్చులు వేసుకోండి.

వాట్సాప్ మెసేజీలు సాక్ష్యంగా చెల్లుతాయా?

చెల్లుతాయి. స్క్రీన్‌షాట్ ఒక్కటే అయితే "మార్చారు" అంటారు. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయండి, నంబరు కనబడేలా పేజీ ఉంచండి, ఫోను మార్చినా పాతది పారేయకండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్‌తో) సర్టిఫికెట్ కావాలి. వెబ్‌సైట్ పేజీలైతే అడ్రస్ బారు, తేదీ కనబడేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. గొడవ మొదలైన వారంలోనే పేజీలు మారిపోతాయి.

ఎన్నాళ్లలోపు వేయాలి?

కన్స్యూమర్ కమిషన్‌లో 2 ఏళ్లు. దస్తావేజు రద్దు కోసం సివిల్ దావా 3 ఏళ్లు, మోసమైతే అది తెలిసిన రోజునుంచి లెక్క. తెలిసిన రోజు ఏదన్నది మీరే రుజువు చేయాలి కాబట్టి, లోపం కనబడిన రోజే ఒక ఈమెయిల్ పంపి తేదీ ఖాయం చేసుకోండి.

ఈఎంఐ కట్టడం ఆపేస్తే బిల్డర్ దారికొస్తాడా?

రాడు. అప్పు మీకూ బ్యాంకుకూ మధ్య. ఆపితే మీ సిబిల్ స్కోరే దెబ్బతింటుంది.

మనం గెలిచాం. బిల్డర్ అప్పీలుకు వెళ్లాడు, డబ్బు ఇవ్వడం లేదు.

అప్పీలుకు 60 రోజుల గడువు. బిల్డర్ అప్పీలు చేయాలంటే మీకు చెల్లించాల్సిన మొత్తం వడ్డీ, పరిహారంతో సహా ముందు అప్పీలు వినే ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. జమ చేయలేదని మొదటి వాయిదాలోనే అభ్యంతరం చెప్పండి. అప్పీలు లేకపోతే, భూమి శిస్తు బకాయిల మాదిరిగా వసూలు చేసేలా రికవరీ సర్టిఫికెట్ కోరండి. అది కలెక్టరు కార్యాలయానికి వెళ్తుంది. అక్కడ ఫైలు ఆగిపోయేది ఎక్కువగా బిల్డర్ ఆస్తుల వివరాలు లేక. కంపెనీ పేరు మీదున్న అమ్ముడుపోని ఫ్లాట్ల నంబర్లు, సర్వే నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు మీరే సేకరించి అర్జీతో ఇస్తే పని కదులుతుంది.

బిల్డర్ రాజీకి వస్తున్నాడు. "కేసు వెనక్కి తీసుకోండి, నెలలో ఇస్తా" అంటున్నాడు.

రాజీ మంచిదే, కేసు మాత్రం ముందే వెనక్కి తీసుకోకండి. ఎంత, ఏ తేదీకి, ఏ చెక్కు నంబరుతో, తప్పితే ఎంత వడ్డీ అన్నది రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆ కాగితాన్ని అథారిటీ ముందు దాఖలు చేసి, దాని ప్రకారమే ఆర్డరు ఇవ్వమని అడగండి. అప్పుడు చెక్కు చెల్లకపోయినా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆ ఆర్డరు మీదే రికవరీకి వెళ్లొచ్చు.